మన గెడ్డలో ఎవరున్నారో మనమే చెప్పాలి



మొన్న యువజన శిక్షణ శిబిరంలో నేను మాట్లాడిన మాటలివి. ఆ రోజు రాలేకపోయిన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు రాసి పెట్టమన్నారు. మాట్లాడినట్టే రాస్తున్నాను. మధ్యమధ్యలో మన యాస వస్తుంది, సర్దుకోండి.

ముందు నా తప్పు చెప్పి మొదలుపెడతాను.

ఇంటర్ పరీక్షలు అయిపోయిన వేసవి అది. మేం అయిదుగురం స్నేహితులం. చేపలు కావాలనిపించింది. గాలం వేసుకుని కూర్చునే ఓపిక ఎవరికీ లేదు. ఒకడు సంతలోంచి బ్లీచింగ్ పౌడర్ తెచ్చాడు. మా ఊరి గెడ్డలో పై మడుగు దగ్గర కలిపాం. కాసేపటికే చేపలు తెల్లగా తేలాయి. బుట్ట నిండిపోయింది. మేం గట్టిగా కేకలేసి నవ్వుకున్నాం. కింది మడుగు దాకా కప్పలు, రొయ్యపిల్లలు, పీతలు, రాళ్ళ కింద పురుగులు అన్నీ చచ్చిపడున్నాయి. వాటిని మేం చూడనైనా చూడలేదు.

బుట్ట ఇంటికి తెచ్చాను. మా అవ్వ అందులోంచి ఒక పీతను తీసి, వెల్లకిలా తిప్పి, పొట్ట మీది మడత బొటనవేలితో తెరిచింది. లోపల కందిగింజంత కూడా లేని పీత పిల్లలు. ఒకటి కాదు రెండు కాదు, గుంపుగా తల్లి పొట్టకి అతుక్కుని అలాగే చచ్చిపోయాయి. అవ్వ నన్ను తిట్టలేదు. "పిల్లల తల్లిని కూడా ఒగ్గలేదేటర్రా?" అని మాత్రం అంది. ఆ కూర ఆమె ముట్టుకోలేదు.

ఆ తర్వాత రెండు వానాకాలాలు పోయినా ఆ మడుగులో నాకు పీత కనబడలేదు. చేపలు తొందరగానే తిరిగొచ్చాయి. పీతలు రాలేదు. ఎందుకు రాలేదో నాకు అప్పుడు తెలీదు. డిగ్రీలో జువాలజీ తీసుకున్నాక తెలిసింది.

ఆ కారణం మీకూ చెప్పాలి. ఈరోజు మాటంతా దాని మీదే నిలబడి ఉంది.

గోదావరిలో నీలకంఠ రొయ్య ఉంటుంది కదా. అది ఏట్లో పెరుగుతుంది కానీ దాని పిల్లలకి ఉప్పు కలిసిన నీళ్ళు కావాలి. అందుకే తల్లి సముద్రం దగ్గరికి దిగుతుంది. పిల్లలు అక్కడ కంటికి ఆననంత చిన్నగా నీళ్ళలో తేలుతూ పెరిగి, మళ్ళీ ఏరు ఎక్కి వస్తాయి. ఒకచోట చచ్చినా ఇంకోచోట నుంచి రావడానికి దారి ఉంటుంది. మన కొండగెడ్డల్లో ఉండే మంచినీటి పీతకి ఆ దారి లేదు. గుడ్డులోంచే పూర్తి పీతగా బయటికి వస్తుంది. తల్లి పొట్ట మడతలోనే కొన్నాళ్ళు ఉంటుంది. దిగాక ఆ రాళ్ళ మధ్యే బతుకుతుంది. కాబట్టి ఒక గెడ్డలో పీతలు పోతే, నడుచుకుంటూ పక్క గెడ్డ నుంచి రావలసిందే తప్ప నీళ్ళలో కొట్టుకొచ్చేది ఏమీ ఉండదు.

ప్రపంచంలో ఇలాంటి బతుకే బతికే ఇంకో జాతి ఉంది. దాన్ని క్రేఫిష్ అంటారు. పేరులో ఫిష్ ఉంది కానీ చేప కాదు. రొయ్యలాంటి ఒళ్ళు, పీతలాంటి డెక్కలు. మంచినీళ్ళలోనే పుట్టి మంచినీళ్ళలోనే చస్తుంది. దాని పిల్లలు కూడా తల్లి తోక కింద వేలాడుతూనే పెరుగుతాయి. ప్రపంచం మొత్తం మీద 600కి పైగా రకాలున్నాయి. ఎక్కువ భాగం ఉత్తర అమెరికాలో, ఆ తర్వాత ఆస్ట్రేలియాలో. మన దేశంలో సహజంగా ఒక్కటి కూడా లేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరం పడుతుంది.

మన దగ్గర లేని జీవి గురించి మాకెందుకు చెప్తున్నావు అని మీరు అడగొచ్చు. శిబిరంలో ఒక తమ్ముడు ఇంకా సూటిగా అడిగాడు: "అన్నా, పోడు పట్టాలే సగంమందికి రాలేదు. నువ్వు పీతలు లెక్కపెట్టమంటావా?"

న్యాయమైన ప్రశ్న. జవాబు కోసం మిమ్మల్ని కొంచెం దూరం తీసుకెళ్తాను, న్యూజిలాండ్ దాకా. అక్కడ మావోరీలు ఉన్నారు. ఆ నేల మొదటి జనం. వాళ్ళలో తె అరావా అనే ప్రజలు రోటొరువా చుట్టుపక్కల సరస్సుల దగ్గర ఉంటారు. ఆ సరస్సుల్లో ఉండే క్రేఫిష్‌ని వాళ్ళు కౌరా అంటారు. దక్షిణ ద్వీపంలో కొన్నిచోట్ల కేవై అంటారు. వాళ్ళకది రోజూ తిండి, చుట్టాలొస్తే పెట్టే మర్యాద, పక్క ఊళ్ళతో మార్చుకునే సరుకు. మన ఇళ్ళలో చోడి అంబలికి, పండగ నాటి కోడికి ఉన్న విలువ కలిపితే ఎంతో, కౌరాకి అంత అనుకోండి.

తెల్లవాళ్ళు వచ్చారు. 19వ శతాబ్దం చివర్లో ఆ సరస్సుల్లో ట్రౌట్ అనే బయటి చేపను వదిలారు. సరదాకి వేటాడే దొరల కోసం. ట్రౌట్ కౌరాను తింది, అక్కడి చిన్న చేపల్నీ తింది. 1922లో ప్రభుత్వం తె అరావా వాళ్ళతో ఒక ఒప్పందం చేసుకుంది. సరస్సుల అడుగు నేల ప్రభుత్వానిది అయిపోయింది. బదులుగా ఏడాదికి 6,000 పౌండ్లు ఇస్తామన్నారు. తరతరాల సరస్సులకి ఏటా ఒక మొత్తం, అంతే.

తె అరావా వాళ్ళు వదల్లేదు. 2006లో చట్టం వచ్చింది. 13 సరస్సుల అడుగు నేల తిరిగి వాళ్ళ పేరు మీదికి వచ్చింది. లెక్కేయండి, 84 ఏళ్ళు. తాత పోగొట్టుకున్నది మనవడి కొడుకు చేతికి వచ్చింది. అదికూడా పూర్తిగా కాదు. అడుగు నేల ఇచ్చారు కానీ, దాని మీదున్న నీళ్ళ భాగం ప్రభుత్వం దగ్గరే ఉంచుకుంది. నేల నీది, నీళ్ళు నీవి కావు. వింటుంటే ఎక్కడో విన్నట్టు లేదా? భూమి పట్టా ఇస్తారు, దాని మీద చెట్టు గురించి మాట్లాడితే ముఖం తిప్పుకుంటారు. అదే కథ.

2006 మనకి కూడా ముఖ్యమైన ఏడాదే. మన అటవీ హక్కుల చట్టం వచ్చింది ఆ ఏడాదే. ఒకే ఏడాది, రెండు దేశాలు, రెండు చోట్లా ఆదివాసీ ప్రజలు సగం హక్కుతో ఇంటికొచ్చారు. ఆ సగం హక్కుతో వాళ్ళేం చేశారో చూద్దాం.

వాళ్ళకి ఒక పాత పద్ధతి ఉంది. తౌ కౌరా అంటారు. ఎండిన ఫెర్న్ మొక్కల ఆకుల్ని కట్టలు కడతారు. మన కొండల్లో నీడపట్టున, గెడ్డ ఒడ్డున పెరిగే దువ్వెన ఆకుల మొక్కలున్నాయే, ఆ కుటుంబంలోదే. ఆ కట్టల్ని ఒక పొడవాటి తాడుకి వరసగా కట్టి సరస్సు అడుక్కి దించుతారు. ఎర ఏమీ పెట్టరు. కొన్ని వారాలు అలా వదిలేస్తారు. కౌరాకి పగలు దాక్కోవడానికి చోటు కావాలి, రాత్రి తిరుగుతుంది. ఆ ఆకుకట్టలు దానికి ఇల్లులా కనిపిస్తాయి. తల్లి, పిల్ల, చిన్న, పెద్ద అన్నీ ఎక్కి కూర్చుంటాయి. తర్వాత పడవలో వెళ్ళి, కట్ట నీళ్ళపైకి రాకముందే కింద వల పట్టి పైకి లాగుతారు. కావలసినవి తీసుకుని, మిగతావి వదిలేస్తారు. కట్ట మళ్ళీ నీళ్ళలోకి.

ఆ ప్రజల్లోంచే వచ్చిన ఇయాన్ కూసబ్స్ అనే శాస్త్రవేత్త ఈ పద్ధతిని పట్టుకున్నాడు. సరస్సులో ఎన్ని కౌరా ఉన్నాయో తెలుసుకోవాలంటే అంతకుముందు రెండు దారులుండేవి. ఒకటి ఎర పెట్టిన బోను. దానిలోకి ఎక్కువగా పెద్దవి వస్తాయి. చిన్నవి రావు, కాబట్టి వచ్చే ఏడాది ఎలా ఉంటుందో తెలీదు. రెండోది మనిషి నీళ్ళలో మునిగి లెక్కపెట్టడం. లోతుగా ఉన్నచోట, నీళ్ళు మురికిగా ఉన్నచోట అది కష్టం. అవ్వల తాతల ఆకుకట్టలోకి మాత్రం పిల్లల నుంచి గుడ్ల తల్లుల దాకా అన్నీ వస్తాయి. లోతైనా, బురదైనా పనిచేస్తుంది. జీవికి దెబ్బ తగలదు. అతనూ ఇంకో శాస్త్రవేత్తా కలిసి 2009లో ఈ సంగతి శాస్త్ర పత్రికలో రాశారు. తినడానికి పట్టే పద్ధతే లెక్కపెట్టే పద్ధతి అయింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఒక ప్రశ్న వేస్తాను. మన అవ్వల దగ్గర, తాతల దగ్గర ఉన్న పద్ధతుల్ని మనం ఏమని పిలుస్తున్నాం? పాతకాలపు పని అంటున్నాం. బడికెళ్ళి, కాలేజీకెళ్ళి, సర్టిఫికెట్ తెచ్చుకున్న మనమే ముందు సిగ్గుపడుతున్నాం. పీతను తిప్పి పొట్ట మడత చూసి, పిల్లల తల్లి అయితే వదిలేయడం మా అవ్వ ఏ పుస్తకంలోనూ చదవలేదు. న్యూజిలాండ్ శాస్త్రవేత్త కౌరాను చేతిలోకి తీసుకుని మొదట చూసేదీ అదే: ఆడదా మగదా, గుడ్లున్నాయా, పిల్లలున్నాయా. ఆ తర్వాత పొడవు కొలుస్తారు. కంటి గుంట దగ్గర నుంచి వీపు డిప్ప చివరి దాకా. తోక కొలవరు, ఎందుకంటే అది ముడుచుకుంటుంది, ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది. కొత్తగా పెంకు మార్చుకుందా, మెత్తగా ఉందా అని చూస్తారు. కాగితం మీద రాస్తారు. నీళ్ళలో వదిలేస్తారు. మా అవ్వ చేసినదానికి వాళ్ళు చేసినదానికి తేడా ఏమిటంటే, ఆ కాగితం. అంతే.

ఆ కాగితం వాళ్ళకి ఏం చేసిందంటే, సరస్సు గురించి మాట్లాడే ప్రతి చోటా వాళ్ళ దగ్గర ఒక లెక్క ఉంది. నీళ్ళలోకి ఎరువుల మురికి ఎక్కువ చేరిన సరస్సుల్లో వేసవిలో అడుగున ఆక్సిజన్ అయిపోతుంది. అప్పుడు కౌరా లోతులో ఉండలేక పైకి, ఒడ్డు వైపుకి నెట్టబడుతుంది. అక్కడ శత్రువులు ఎక్కువ. అంటే కౌరా ఎక్కడ దొరుకుతోందో చూస్తే సరస్సు ఆరోగ్యం తెలుస్తుంది. 2016లో రోటొయితీ సరస్సులో క్యాట్‌ఫిష్ అనే బయటి చేప బయటపడింది. కౌరాకి కొత్త ముప్పు. దాన్ని బోనుల్లో పట్టి తీసేయడానికి తె అరావా వాళ్ళే జనాన్ని, బడిపిల్లల్ని కూడగట్టారు. గెలిచేశారని చెప్పను. పోరాటం నడుస్తోంది. కానీ "మీ సరస్సులో ఏముందో మేం వచ్చి చెప్తాం" అనే మాట అక్కడ ఇప్పుడు అంత తేలిగ్గా చెల్లదు. అడవి కౌరాను పట్టి అమ్ముకోవడం కూడా న్యూజిలాండ్ చట్టం ప్రకారం కుదరదు.

ఇప్పుడు మన తమ్ముడి ప్రశ్నకి వస్తాను.

పట్టా పోరాటం ఆపి పీతలు లెక్కపెట్టమని నేను అనడం లేదు. పట్టా పోరాటంలో పీత కూడా ఉంది అంటున్నాను. అటవీ హక్కుల చట్టం మూడో సెక్షన్ తీసి చదవండి. 3(1)(డి)లో చేపలు, నీటి వనరుల్లో దొరికే ఇతర ఉత్పత్తుల మీద సామూహిక హక్కు ఉంది. 3(1)(ఐ)లో సామూహిక అటవీ వనరుల్ని కాపాడే, నిర్వహించే హక్కు ఉంది. 3(1)(కె)లో జీవవైవిధ్యం మీద, దానికి సంబంధించిన మన సంప్రదాయ జ్ఞానం మీద హక్కు ఉంది. అయిదో సెక్షన్‌లో నీటి వనరుల్ని, జీవవైవిధ్యాన్ని కాపాడే అధికారం గ్రామసభకి ఇచ్చారు. 1996 నాటి పీసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో చిన్న నీటి వనరుల నిర్వహణ పంచాయతీలకి అప్పగించాలంటోంది. 2002 జీవవైవిధ్య చట్టం కింద స్థానిక కమిటీ ఉండాలి, ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ ఉండాలి.

మీ పంచాయతీలో ఆ రిజిస్టర్ ఉందా? ఉంటే ఎవరు రాశారు? అందులో మీ గెడ్డ పేరు ఉందా? వెళ్ళి అడగండి. కొన్ని రిజిస్టర్లు ఆఫీసులో కూర్చుని నింపినట్టు ఉంటాయి. నేను చూసిన ఒకదానిలో చేపలు అనే ఒక్క మాట ఉంది. ఏ చేప, ఏ గెడ్డ, ఏ నెల, ఏమీ లేదు. పీత అసలే లేదు. మన అవ్వలు ఎన్ని పేర్లు చెప్పగలరు! వాళ్ళని ఎవరూ అడగలేదు.

ఎందుకు ముఖ్యమో చెప్తాను. రేపు మీ కొండ మీదికి ఒక పథకం వస్తుంది. డ్యామో, గనో, రోడ్డో, ఇంకేదో. దానితో పాటు ఒక రిపోర్టు వస్తుంది. అందులో మీ గెడ్డ గురించి ఒక వాక్యం రాయొచ్చు: "చెప్పుకోదగ్గ జలచరాలు లేవు." ప్రజాభిప్రాయ సేకరణలో లేచి "ఉన్నాయి" అని అరిస్తే ఆ అరుపు మినిట్స్‌లోకి ఎక్కుతుందో లేదో తెలీదు. కానీ మూడేళ్ళుగా మీరు తేదీలతో, ఫోటోలతో, కొలతలతో రాసి, గ్రామసభ తీర్మానంతో రిజిస్టర్‌లో ఎక్కించిన కాగితం ఉంటే, దాన్ని లేదనడం కష్టం. కాగితమే మనల్ని గెలిపిస్తుందని చెప్పను. కాగితం లేక ఓడిపోయిన చోట్లు మాత్రం మీకూ తెలుసు, నాకూ తెలుసు.

సరే, ఎలా మొదలుపెట్టాలి? గుర్తుపట్టడం నేర్చుకుందాం.

గెడ్డలో దొరికేవాటిని ముందు విడదీయండి. రొయ్య ఒళ్ళు పక్కల నుంచి నొక్కినట్టు సన్నగా ఉంటుంది, పెంకు పల్చన. దాని పొడవైన డెక్కలు రెండో జత కాళ్ళకి ఉంటాయి. మొదటి జతకి చిన్న డెక్కలే. పీత ఒళ్ళు వెడల్పు, తోక పొట్ట కిందికి మడిచి ఉంటుంది. ఆ మడతే మగా ఆడా చెప్తుంది. సన్నగా, కోసుగా ఉంటే మగది. వెడల్పుగా, గుండ్రంగా పొట్టంతా కప్పితే పెరిగిన ఆడది. ఇది మీ ఇంట్లో అవ్వకి తెలుసు, ఆమె దగ్గరే నేర్చుకోండి.

క్రేఫిష్ ఎలా ఉంటుందో కూడా తెలియాలి. మన దగ్గర లేదన్నాను కదా, లేనిది కనబడితే గుర్తుపట్టాలి. దాని పెద్ద డెక్కలు మొదటి జత కాళ్ళకే ఉంటాయి, లావుగా. వెనకున్న ఇంకో రెండు జతల కాళ్ళకి కూడా చిన్న డెక్కలుంటాయి. పెంకు గట్టిది. తోక రొయ్యలా వెనక్కి చాచి ఉంటుంది. ఆడా మగా తేడా తెలియాలంటే వెల్లకిలా తిప్పి కాళ్ళ మొదట్లో చూడాలి. డెక్కల జత నుంచి లెక్కపెడితే మూడో జత దగ్గర రంధ్రాలుంటే ఆడది, అయిదో జత దగ్గర ఉంటే మగది.

ఒకసారి నేను విశాఖపట్నంలో అక్వేరియం షాపులో ఎర్రటి క్రేఫిష్‌ని చూశాను. గాజుతొట్టిలో డెక్కలు ఎత్తి నిలబడింది. చూడ్డానికి బాగుంది. ఒక కుర్రాడు కొనుక్కుంటున్నాడు. పెద్దదైపోతే ఏం చేస్తావు అని అడిగాను. "ఏముంది, ఏట్లో వదిలేస్తా" అన్నాడు. జాలిపడి చేసే పనే అది. కానీ యూరప్‌లో ఏమైందో వినండి. 19వ శతాబ్దంలో అమెరికా వైపు నుంచి ఒక బూజు జబ్బు వచ్చింది. అమెరికా క్రేఫిష్‌లు దాన్ని మోసుకుని కూడా బతకగలవు. యూరప్ క్రేఫిష్‌లకి తట్టుకునే శక్తి లేదు. ఏళ్ళ తరబడి ఒక నది తర్వాత ఒక నది ఖాళీ అయింది. ఖాళీ అయిన నదుల్లో వేయడానికి మళ్ళీ అమెరికా నుంచే సిగ్నల్ క్రేఫిష్‌ని తెచ్చారు. జబ్బు ఇంకా పాకింది. అందుకే ఇప్పుడు అక్కడ గుర్తుపట్టడమే మొదటి పాఠం. డెక్క మడత దగ్గర తెల్లటి లేక లేత నీలం మచ్చ ఉంటే సిగ్నల్, బయటిది. డెక్క అడుగు పాలిపోయిన తెలుపు అయితే ఇంగ్లండ్ సొంతది, ముట్టుకోకుండా వదలాలి. ఆ ఒక్క మచ్చ తెలియకపోతే కాపాడుదామని వెళ్ళినవాడే చంపి వస్తాడు.

ఇంకోటి ఉంది, చలువరాయి చారలున్న క్రేఫిష్. 1990ల్లో జర్మనీలో అక్వేరియంలు పెంచేవాళ్ళ దగ్గర బయటపడింది. అన్నీ ఆడవే. మగదాని అవసరం లేకుండానే పిల్లల్ని పెడుతుంది. అంటే ఒక్కటి వదిలితే చాలు. మడగాస్కర్‌లో అలాగే వ్యాపించింది. మడగాస్కర్‌కి తన సొంత క్రేఫిష్‌లు ఉన్నాయి, అడవి వాగుల్లో నెమ్మదిగా పెరిగేవి. వాటి నెత్తిన వచ్చి పడింది ఇది. కాబట్టి మీ బంధువులెవరైనా పట్నంలో ఇలాంటివి పెంచుతుంటే చెప్పండి: ఏట్లో, చెరువులో, గెడ్డలో వదలొద్దు. మన పీతకి పక్క గెడ్డ నుంచి నడిచొచ్చే దారి ఒక్కటే ఉందని చెప్పాను కదా. ఆ దారిలో కొత్త శత్రువుని మనమే కూర్చోబెట్టకూడదు.

ఇక మన పని. ఒక గెడ్డ, ఒక మడుగు, నలుగురు మనుషులు చాలు.

మొదట పేర్లు. కువిలో ఏమంటారు, సవరలో ఏమంటారు, కోయలో, గోండిలో, ఆదివాసీ ఒడియాలో ఏమంటారు? నల్లపీతకి వేరే పేరుందా, పొలం గట్టు పీతకి వేరే పేరుందా? పెద్దవాళ్ళు చెప్పినట్టే, వాళ్ళ నోటి మాటనే రాయండి. తెలుగులోకి మార్చి పాత పేరు పారేయకండి. పేరు పోతే ఆ జీవి గురించి అడగడం కూడా పోతుంది.

రెండోది, ఎప్పుడూ ఒకే చోట, ఒకే పద్ధతిలో, ఒకే నెలల్లో చూడండి. వానలకి ముందు ఒకసారి, వానలు తగ్గాక ఒకసారి. ఈసారి పది మంది వెళ్ళి వంద రాళ్ళు ఎత్తి, వచ్చేసారి ఇద్దరు వెళ్ళి పది రాళ్ళు ఎత్తితే ఆ లెక్క దేనికీ పనికిరాదు. ఎన్ని రాళ్ళు ఎత్తాలో ముందే అనుకోండి, ప్రతిసారీ అన్నే ఎత్తండి.

మూడోది, ఎత్తిన రాయిని ఎలా ఉందో అలా, అదే చోట పెట్టండి. మనకి అది రాయి, దానికి ఇల్లు. ఇల్లు పీకి జనాభా లెక్కలు రాసేవాడిని మనం ఏమంటాం?

నాలుగోది, చేతిలోకి తీసుకుంటే చెయ్యి తడిపి తీసుకోండి. వీపు డిప్ప వెడల్పు స్కేలుతో కొలవండి. పైనుంచి ఒక ఫోటో, పొట్ట వైపు ఒకటి, డెక్కలవి ఒకటి, పక్కన స్కేలు పెట్టి. ఆడదా మగదా, గుడ్లా పిల్లలా రాయండి. పిల్లల తల్లి అయితే కొలత కూడా వద్దు, వెంటనే దింపేయండి. అన్నిటినీ పట్టినచోటే వదలండి.

అయిదోది, ఇది చాలా ముఖ్యం. ఆ నోటు పుస్తకం గ్రామసభది. ఎవరో వచ్చి "మేం రీసెర్చ్ చేస్తాం, ఫోటోలు ఇవ్వండి, నమూనాలు సీసాలో వేసి పంపండి" అంటే గ్రామసభను అడగమనండి. రాసుకున్న జ్ఞానం ఎవరిదో 3(1)(కె) చెప్తోంది. మంచి శాస్త్రవేత్తలు ఉంటారు, వాళ్ళతో కలిసి పనిచేద్దాం. పీత ఏ జాతిదో తేల్చి చెప్పడానికి వాళ్ళు కావాలి కూడా. కానీ గ్రామసభ ఒప్పుకున్నాకే. ఇంకో సంగతి, అరుదుగా కనిపించేది దొరికితే సంతోషంలో వెంటనే ఫేస్‌బుక్‌లో లొకేషన్ పెట్టేయకండి. మంచివాళ్ళ కంటే ముందు అమ్ముకునేవాళ్ళు వస్తారు.

ఆరోది, మందు. బ్లీచింగ్, పురుగుమందు, కరెంటు, మందుగుండు, ఏదీ గెడ్డలోకి దిగకూడదని గ్రామసభలో తీర్మానం చేయించండి. పోలీసు కేసుల గురించి నేను చెప్పడం లేదు. మన పిల్లల్ని కేసుల్లోకి తోయడానికి ఎవరో ఒకరు ఎప్పుడూ రెడీగానే ఉంటారు. ఊరి పెద్దలూ యువకులూ కూర్చుని చెప్పుకునే మాట గురించి చెప్తున్నాను. గాలం ఉంది, వల ఉంది, వెదురు బుట్ట ఉంది. తినడం మానమని ఎవరూ అనడం లేదు. తె అరావా వాళ్ళు కౌరా తినడం మానలేదు. తినేవాడికే అది ఉండాలన్న ఆశ ఎక్కువ ఉంటుంది. మన మీద "అడవిని తినేస్తున్నారు" అని నింద వేసేవాళ్ళకి మనం ఇవ్వాల్సిన జవాబు కూడా అదే.

కొందరు శిబిరంలో అడిగారు: "ఎన్నాళ్ళకి ఫలితం కనబడుతుంది?" తొందరగా కనబడదు. ఆస్ట్రేలియా పక్కన టాస్మానియా ద్వీపంలో ప్రపంచంలోకెల్లా పెద్ద క్రేఫిష్ ఉంది. ఆడది గుడ్లు పెట్టే వయసుకి రావడానికి దాదాపు 14 ఏళ్ళు పడుతుంది. ఆ తర్వాత కూడా రెండేళ్ళకోసారే పెడుతుంది. జనం ఇష్టమొచ్చినట్టు పట్టేసరికి తగ్గిపోయింది. 1998లో పట్టడం నిషేధించారు. 14 ఏళ్ళంటే ఒకటో తరగతిలో చేరిన పిల్ల డిగ్రీకి వచ్చేంత కాలం. పెద్ద చెట్టు నరికితే మన కళ్ళకి కనబడుతుంది, ధర్నా చేస్తాం. గెడ్డ అడుగున ఇంత కాలం తీసుకుని పెరిగిన ప్రాణం పోతే చప్పుడు కూడా రాదు.

మా గెడ్డ సంగతి చెప్పి ముగిస్తాను.

నేను తప్పు చేసిన ఆ మడుగు దగ్గరికి ఇప్పుడు మేం నలుగురం వెళ్తున్నాం. ఆ రోజు బ్లీచింగ్ తెచ్చినవాడు కూడా మాలో ఉన్నాడు. ఇప్పుడు స్కేలు పట్టుకునేది వాడే. మొదటి ఏడాది నోటు పుస్తకంలో పై మడుగు ఎదురుగా "లేదు" అని రాసుకున్నాం. రాయడానికి చెయ్యి రాలేదు, కానీ రాశాం. లేదు అని రాయడం కూడా లెక్కే. రెండో ఏడాది కూడా లేదు. పోయిన వానాకాలం తర్వాత, ఇరవై రెండో రాయి కింద ఒక పీత దొరికింది. వెడల్పు మూడు సెంటీమీటర్లు. ఆడది. పొట్ట మడత ఖాళీగా ఉంది. పక్క గెడ్డ నుంచి రాళ్ళ మీద, బురద మీద నడుచుకుంటూ ఎన్నాళ్ళకి వచ్చిందో.

అవ్వకి ఫోటో చూపించాను. ఫోన్ దగ్గరగా పెట్టుకుని చూసింది. "ఒకత్తే వచ్చిందేటి?" అంది. అవునవ్వా అన్నాను. "అయితే దాన్ని ఒగ్గీండి. జత వస్తాది" అంది.

ఒగ్గేశాం. రాయి మళ్ళీ అక్కడే పెట్టాం.

మీ గెడ్డలో ఎవరున్నారో మీరు రాయండి. మీ భాషలో పేరుతో రాయండి. వచ్చే శిబిరానికి ఆ నోటు పుస్తకం పట్టుకుని రండి. ఖాళీ పేజీ అయినా పర్లేదు, తేదీ వేసి తీసుకురండి.

జల్, జంగల్, జమీన్ అంటున్నాం. అందులో మొదటి మాట నీళ్ళే.

జోహార్.